నోటి పందెం

నమోదు 1

గాలి: నైరుతి, పలచన. అల: మోకాలెత్తు. మంచినీటి డ్రమ్ములు: నిండుగా. మెరకపాలెం: ఓడిపోయింది.

ఈ చివరి మాట గాలిపద్దులో రాయకూడదు. గాలిపద్దులో గాలి, అల, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదని రూలు. కానీ పొద్దున్నే మైకులో చెప్పేదీ నేనే, పద్దు రాసేదీ నేనే, దీన్ని తెరిచి చదివిన మహానుభావుడు ఇంతవరకు ఎవరూ లేరు. కనుక రాస్తాను. పైగా కొట్టేసి తిరగరాస్తాను కూడా. మేము ఓడిపోలేదు. మమ్మల్ని ఓడించారు.

బేస్‌బాల్ ఫైనల్, ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క పరుగు వస్తే సమానం. మా లోవరాజు మూడో బేస్ మీద నుంచి పరిగెత్తుకొచ్చి ఇంటి పలక, అదే హోమ్ ప్లేటు, మీదికి కాళ్ళు ముందుపెట్టి జారాడు. కాలు ముందు తగిలింది, బంతి తర్వాత వచ్చింది. గుడ్డివాడికి కూడా శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. అంపైరు మాత్రం చెయ్యెత్తి అవుట్ అన్నాడు. దిబ్బపేట వాళ్ళంతా ఒక్కసారి ఎగిరితే నీళ్ళ మీద తేలే మా మైదానం పళ్ళెం వాళ్ళ వైపుకి ఒరిగింది.

లోవరాజు నా కొడుకు. అందుకని అనడం లేదు. పక్కింటివాడి కొడుకైనా సేఫ్ అనే అనేదాన్ని. కాకపోతే కొంచెం మెల్లగా అనేదాన్ని.

మా ఆయన వేటకి పోయాడు. ఫైనల్ ఆట ఉన్నప్పుడల్లా ఆయనకి సరిగ్గా లోతు నీళ్ళలో పని పడుతుంది. సొంత అక్క దిబ్బపేట కోడలు, పెళ్ళాం మెరకపాలెం మైకు. పాపం, ఏ వైపు చప్పట్లు కొట్టినా ఇంట్లో అన్నం దొరకదు.

నమోదు 2

గాలి: నైరుతి. అల: మోకాలెత్తు. నా నోరు: దిబ్బపేట వాళ్ళది.

ఈ తేలే ఊళ్ళను వెల్డింగు చేసి ఇచ్చిన కొరియావాళ్ళు పోతూ పోతూ మా తాతలకి రెండు వదిలి వెళ్ళారు: పెట్టెల నిండా బోల్టులు, ఈ బేస్‌బాల్ ఆట. బోల్టులు అరిగిపోయాయి. ఆట అరగలేదు. మాది మెరకపాలెం, పక్కది దిబ్బపేట. మెరకా లేదు, దిబ్బా లేదు, ఎటు చూసినా నీళ్ళే. కిందనున్న ఊళ్ళు మునిగాయి గానీ పేర్లు మునగలేదు.

మా రెండు ఊళ్ళూ ఆట మీద కాసేది నోటిని. గెలిచిన ఊరు ఒక మాట ఇస్తుంది. ఓడిన ఊరి మైకు, మళ్ళీ ఆటల కాలం వచ్చేదాకా, రోజూ పొద్దున్న గాలి కబురు చెప్పే ముందు ఆ మాట అనాలి. దాన్నే నోటి పందెం అంటాం. కిందటిసారి మేము గెలిచి, వాళ్ళ మైకులో "మెరకపాలెం వంజరం, మేము నెత్తళ్ళు" అని, అంటే మేము పెద్ద చేప, వాళ్ళు వేలెడు చేపలని, ఏడాది పొడుగునా అనిపించాం. వాళ్ళ మైకు మా ఆడపడుచు నూకరత్నం వదినే. ఆవిడ పళ్ళు నూరుకుంటూ ఆ మాట అంటుంటే నేను కాఫీ తాగుతూ వినేదాన్ని. అప్పుడు ఈ ఆచారం నాకు ఎంతో బావుండేది.

ఇవాళ తెల్లారకుండానే వదిన వంతెన దాటి వచ్చింది, నాచు హల్వా పట్టుకుని, కొత్త చీర కట్టుకుని. ఏడాదంతా కూర్చుని ఆలోచించి పెట్టుకున్న మాట నా చెవిలో చెప్పింది. 

"మెరకపాలెం, తాడు వదలండి."

మైదానంలో వాళ్ళ జనం ఆఖర్లో అరిచింది ఇదే. మీ పని అయిపోయింది, తాడు వదిలేసి కొట్టుకుపొండి అని దాని అర్థం. వెక్కిరింతగా మంచిదే, నేను కూడా మెచ్చుకునేదాన్ని. కానీ అది ఆజ్ఞ మాట.

రెండు ఊళ్ళనీ కలిపి ఉంచేవి తొడంత లావు తాళ్ళు రెండు. ఒకటి మా గుంజకి, ఒకటి వాళ్ళ గుంజకి. గుంజ చీల మీద సుత్తితో ఒక్కటి వేస్తే తాడు జారిపోతుంది. పెద్ద ఉబ్బు, అంటే ఎక్కడో దూరాన సముద్రం పొంగి వచ్చే అలల వరుస, వచ్చినప్పుడు రెండూ ఒకేసారి వదలాలి. అప్పుడు ఎవరి మరలు వాళ్ళు తిప్పుకుని దూరం జరుగుతారు. వదలకపోతే రెండు ఊళ్ళూ గుద్దుకుంటాయి. ఒకటే వదిలితే ఇంకా ఘోరం, మడతబందు మీద తలుపు తిరిగినట్టు తిరిగి వచ్చి గుద్దుకుంటాయి. పూర్వం ఈ పని యంత్రమే చేసేదట. ఎండ కాస్తుండగా ఓ రోజు దానంతటదే తాడు వదిలేసి, పెళ్ళివాళ్ళని పెళ్ళికొడుకుతో సహా నీళ్ళలో ముంచింది. అప్పట్నుంచి మనిషి చెయ్యి, మైకు మాట, అంతే. సైరన్ ఉన్నది ఊళ్ళోకి నీళ్ళొస్తే దానంతటదే మోగడానికి. తాడుకి మాత్రం మాటే. అందుకే ఆ మాట మేము ఇళ్ళలో సరదాకైనా అనం. పిల్లలు అంటే మూతి మీద కొడతాం.

అదే చెప్పాను వదినకి. ఆవిడ హల్వా ముక్క నా నోట్లో పెట్టి, "ఆడలేక మద్దెల ఓడంటావేంటే మరిడీ? పందెం పందెమే. కానియ్," అంది.

కానిచ్చాను. మైకులో ఆ మాట పడిందో లేదో, గంగన్న తాత తలకి సబ్బు నురగతోనే గుంజ దగ్గరికి పరిగెత్తాడు, సుత్తి పట్టుకుని. నలుగురు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. వాళ్ళ చావడిలో మా మైకు వినడానికి ప్రత్యేకంగా స్పీకరు కట్టుకున్నారు. ఆ నవ్వులు వంతెన దాటి ఇక్కడికి వినిపించాయి.

నమోదు 3

గాలి: పడమర. అల: చీలమండ. కరెంటిచ్చే ఎండరేకుల మీద ఉప్పు తుడిచాను. లోవరాజు అన్నం తినలేదు.

ఊరు ఊరంతా వాణ్ణి ఓదార్చడానికి వస్తోంది. వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా, ఇంటి పలక ఎక్కడుంది, కాలెక్కడ తగిలింది అని మా వాకిట్లో సుద్దముక్కతో గీసి చూపిస్తున్నారు. "నువ్వు సేఫ్‌రా అబ్బాయ్, దిగులు పడకు" అని ఒకరు భుజం తడితే, ఇంకొకరు అంపైరు వంశాన్ని కడుగుతున్నారు. నేను అందరికీ కాఫీలు ఇస్తూ, వాళ్ళకంటే గట్టిగా కడుగుతున్నాను.  వాడు మాత్రం ఎవరు సేఫ్ అన్నా తల ఇంకా కిందికి దించుకుంటాడు. నిన్నటి నుంచి మా వైపు గుంజ కాపలా అడిగి తీసుకున్నాడు. అక్కడికైతే ఎవరూ రారని.

మంచినీటి కుళాయి దగ్గర దిబ్బపేట కుర్రాళ్ళు నన్ను చూసి చేతులు పైకెత్తి, అంపైరు లాగ అవుట్ చూపించారు. బిందె కింద పెట్టి వాళ్ళకి వాళ్ళ తాతల కాలం నుంచి జరిగిన ఆటలన్నీ గుర్తుచేశాను. బిందె నిండి పొర్లిపోయింది గానీ నా మాటలు ఇంకా అవలేదు. ఇంటికొచ్చాక ప్రాణం కొంచెం నిమ్మళించింది. ఓటమికి మందు లేదంటారు గానీ, తిట్టుకునేందుకు ఎదుటివాళ్ళు ఉంటే సగం నయం అవుతుంది. నవ్విన నాపచేనే పండుతుంది, వచ్చే ఏడు చూసుకుందాం.

వీడికి మాత్రం ఏ మందూ పట్టడం లేదు. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు. 

నమోదు 4

గాలి: లేదు. అల: లేదు. భయం: ఉంది.

ఇవాళ పొద్దున్న "తాడు వదలండి" అన్నాను. గంగన్న తాత మా కిటికీ కిందే కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. కనీసం తలెత్తలేదు.

అప్పట్నుంచి చెవులు రిక్కించుకుని తిరిగాను. వీధిలో ఆడపిల్లలు తాడాట ఆడుతూ గెంతు గెంతుకీ అదే మాట. చేపలు ఎండబెట్టే చోట ఒకావిడ, గంప వదలనంటున్న మొగుడితో అదే మాట. దుప్పటి లాక్కునేవాడు, వంతు కోసం తోసుకునేవాడు, అందరి నోటా అదే. ఓడిన మాటని మావాళ్ళే హాస్యం చేసుకుని కడుపులో మంట తగ్గించుకుంటున్నారు. తప్పు పట్టలేను. కానీ అరిగిన చెప్పుకి కాలు జారినట్టు, ఈ మాట రేపు అవసరమైన రోజున జారిపోతుంది.

ఊరిపెద్ద ధనరాజు గారి దగ్గరికి వెళ్ళాను. దిబ్బపేట పెద్దని కూడా పిలిపించి ఇద్దరికీ చెప్పాను: పందెం ఉంచండి, మాట మార్చండి, వందసార్లు నెత్తళ్ళమని అంటాను, ఇది మాత్రం వద్దు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ధనరాజు గారే, మా ఊరి మనిషే, మెత్తగా అన్నాడు.

"మరిడమ్మా, ఓడినోళ్ళకి ఏ మాటన్నా ముల్లే అవుద్ది. కొన్నాళ్ళు ఓర్చుకో."

అదీ సంగతి. నేను గాలి గురించి చెబితే నమ్ముతారు, అల గురించి చెబితే నమ్ముతారు. ఈ ఒక్కదాని గురించి చెబితే మాత్రం ఓడినదాని ఏడుపు అయిపోయింది. ఒప్పుకుంటాను, నేను ఓటమిని తట్టుకునే మనిషిని కాను. అయినా నేను చెప్పింది నిజమే. రెండూ ఒకేసారి అవ్వచ్చు కదా.

నమోదు 5

గాలి: లేదు. ఆకాశం: కడిగిన పళ్ళెం. దూరాన తేలుతూ అల ఎత్తు చెప్పే దక్షిణపు బుంగలు: పని చేస్తున్నాయి. దిబ్బపేట వాళ్ళు రేపు ఊరేగింపట. వంతెన మీదుగా వచ్చి మా మైకు మేడ కింద డప్పులు కొడతారట. కొట్టనీ.

నమోదు 6

గాలి, అల: తర్వాత రాస్తాను. జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాయాలి.

ఊరేగింపు భోజనాల వేళకి ముందు బయల్దేరింది. మైకు మేడ మీద నుంచి వంతెన అంతా కనిపిస్తుంది. ముందు జెండా పట్టుకుని నూకరత్నం వదిన, వెనక డప్పులు, సొరచేప బొమ్మ, పిల్లలు, ముసలివాళ్ళు, వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా జనం. అందరి నోటా ఒకటే పాట, తాడు వదలండి, తాడు వదలండి. మా వాళ్ళు ఇళ్ళలోంచి చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు కూడా.

అప్పుడే నా ముందున్న తెర మీద దక్షిణపు బుంగ గీత నిలువుగా లేచింది. తర్వాత దాని ఇవతలి బుంగ. తర్వాత దాని ఇవతలిది. నేను ఈ మైకు ముందు కూర్చున్నాక అంత ఉబ్బు చూడలేదు. ఎక్కడో దూరాన లేచి, గాలి లేకుండా, నీళ్ళ కింద నుంచి నడిచి వస్తోంది. మా ఆయన ఉన్న లోతులో అది ఉయ్యాల ఊపినట్టు ఊపి పోతుంది. తాళ్ళతో కట్టి ఉన్న రెండు ఊళ్ళ దగ్గర అలా పోదు. మధ్యలో వంతెన ఉంది. వంతెన మీద దిబ్బపేట సగం ఉంది.

మైకు తీసి చెప్పాను. "తాడు వదలండి. వంతెన దిగండి. తాడు వదలండి."

వంతెన మీద నుంచి కేరింతలు లేచాయి. నేను వాళ్ళ పాటలో గొంతు కలిపాననుకున్నారు. డప్పులు రెట్టించాయి. వదిన పైకి చూసి, మెచ్చుకోలుగా నాకు జెండా ఊపింది.

ఇది నిజం ఆజ్ఞ అన్నాను. ఇంకా నవ్వారు. ఉబ్బు వస్తోందన్నాను. ఎవడో మబ్బు తునక లేని ఆకాశం చూపించి చేతులు తిప్పాడు. మా గుంజ దగ్గర లోవరాజు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, కదల్లేదు. వాడు మాత్రం ఎందుకు కదులుతాడు? పొద్దున్న లేస్తే నా గొంతులోంచి వాడు వింటున్నది ఆ మాటే. దిగి పరిగెత్తి చెప్పేంత సమయం లేదు. ఒక గుంజ దగ్గరికి పోతే రెండో గుంజ మిగిలిపోతుంది.

భయం మాటలన్నీ అరిగిపోయాయి. అరగని మాట ఒకటి కావాలి. నా నోట ఎవరూ ఎప్పుడూ వినని మాట, నేను సరదాకి కూడా అనలేని మాట. అలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది. అది అంటే మళ్ళీ నా కొడుకు మొహం చూడగలనా అనిపించింది. చూడటానికి వాడంటూ ఉండాలి కదా అని కూడా అనిపించింది.

మైకు నోటికి ఆనించుకుని అన్నాను.

"నేను మరిడమ్మని. మెరకపాలెం వాళ్ళకీ దిబ్బపేట వాళ్ళకీ చెబుతున్నాను. నా కొడుకు లోవరాజు అవుట్. అంపైరు సరిగ్గానే ఇచ్చాడు. మేము న్యాయంగా ఓడిపోయాం."

డప్పులు ఆగిపోయాయి. డప్పు వాయించేవాడి చెయ్యి గాల్లోనే ఉండిపోవడం నేను చూశాను. మా వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. గుంజ దగ్గర లోవరాజు లేచి నిలబడి మేడ వైపు చూశాడు.  వదిన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ దాని కింద రంగు పోయింది. ఆవిడ జెండా నీళ్ళలో పారేసి వెనక్కి తిరిగింది. అప్పుడు ఏమందో తర్వాత పదిమంది చెప్పారు, పదిమందీ ఒకేలా చెప్పారు.

"దిగండెహే! నా మరదలు సచ్చినా ఆ మాట అనదు. అందంటే ఏదో మునిగిపోతుందన్నమాటే. దిగండి!"

"తాడు వదలండి," అన్నాను నేను, ఈసారి మెల్లగానే.

ముసలివాళ్ళని ఎత్తుకుని, పిల్లల్ని చంకనేసుకుని, వంతెన ఖాళీ అయిపోయింది. వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని తమ గుంజ దగ్గరికి పరిగెత్తింది. ఈ వైపు నా కొడుకు సుత్తి ఎత్తాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, మేనత్తా మేనల్లుడూ, ఆట రోజు నుంచి పలకరింపులు లేనివాళ్ళు. వదిన చెయ్యి పైకెత్తి కిందికి దించింది. రెండు సుత్తులూ ఒకే దెబ్బ వేశాయి.

ఊళ్ళు విడిపోయి, మరలు అందుకుని, మధ్యలోకి నీళ్ళు వచ్చేసరికి ఉబ్బు రానే వచ్చింది. ఊరంతా ఒక్కసారి లేచి, ఒక్కసారి దిగింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. వంతెన పలకలు పుల్లల్లా తేలిపోయాయి. సొరచేప బొమ్మ ఎటు పోయిందో తెలీదు. ఏ ఇంటి గిన్నెలూ ఆ ఇంట్లో మిగల్లేదు. మనుషులందరూ మిగిలారు.

నేను మైకు ముందే కూర్చుని ఏడ్చాను. మైకు కట్టెయ్యడం మర్చిపోయానని తర్వాత తెలిసింది.

నమోదు 7

గాలి: తూర్పు, హాయిగా. అల: మోకాలెత్తు. గిన్నెలు: పక్కింటివి.

ఊళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి, తాళ్ళు రేపు కడతారు. నూకరత్నం వదిన పడవ వేసుకుని వచ్చింది, నెత్తళ్ళ పులుసు పట్టుకుని. ఇంట్లోకి రాగానే కాసేపు నన్ను పట్టుకుని నిలబడింది. తర్వాత ముక్కు చీదుకుని పందెం సంగతి ఎత్తింది. ఆజ్ఞ మాటలు ఇక పందెంలో పెట్టకూడదని రెండు ఊళ్ళ పెద్దలూ తీర్మానించారట. ధనరాజు గారు నా మొహం చూడలేక ఆవిడ చేత కబురు పెట్టాడట.

"ఆ మాట బదులు 'లోవరాజు అవుట్' అని పెడదామన్నారు మా కుర్రాళ్ళు. నువ్వెలాగూ ఒకసారి అనేశావు కదా అని. నేను కుదర్దన్నాను. నా మేనల్లుడు," అంది.

కొత్త మాట "దిబ్బపేట సొర, మేము నెత్తళ్ళు." నేను కిందటేడు ఇచ్చినదాన్నే తిప్పి కొట్టింది. ఒప్పుకున్నాను. నెత్తళ్ళ పులుసు ముందు సొర ఎందుకు పనికొస్తుంది? ఆ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. ఆవిడ నా నెత్తిన ఒకటి మొట్టి పడవెక్కింది.

లోవరాజు సాయంత్రం వచ్చాడు. గుంజ మార్చి, తాళ్ళు ఆరబెట్టి, ఒళ్ళంతా గ్రీజుతో వచ్చాడు. నేను వాడి మొహం చూడకుండా కంచం పెట్టాను. రెండు ఊళ్ళ ముందు వాడి పరువు తీసిన నోరు నాది, ఇంకేం మాట్లాడుతుంది? వాడు అన్నం కలుపుకున్నాడు. తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. పులుసు గిన్నె ఒంపుకున్నాడు. ఇన్నాళ్ళకి నా కొడుకు మూడోసారి అన్నం అడిగాడు. అప్పుడు చూశాను, వాడి మొహం తేటగా ఉంది.

చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నేను అవుటే. బంతి ముందు తగిలింది, నా తొడకి తెలిసింది. ఊరంతా సేఫ్ సేఫ్ అని నా కోసం కొట్టుకుంటుంటే ఎలా చెప్పను? నిన్న నువ్వు మైకులో అనేశాక, నెత్తి మీద మూట ఎవరో దించినట్టయ్యింది."

వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. సరేరా, పోయి పడుకో అన్నాను. ఇంకెక్కడా ఈ మాట అనకు అని కూడా అన్నాను. నవ్వుతూ వెళ్ళి, చాలా రోజులకి గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

నిన్న మైకులో అన్నది ఊరిని కాపాడటానికి అన్న మాట, దానికీ ఆటకీ సంబంధం లేదు. ఈ పద్దు ఎవరూ చదవరు కాబట్టి అసలు సంగతి ఇక్కడ రాసి ఉంచుతున్నాను. అంపైరు చెబితేనే వినలేదు, వీడు చెబితే వింటానా? సేఫ్.